రెండో పిడి

ఆ రోజు పొద్దున ఆకాశం కురవాలో మానాలో తేల్చుకోలేక మబ్బు దుప్పటి ముసుగుతన్ని పడుకుంది. నేను మాత్రం తేల్చేసుకున్నాను. మా అమ్మాయి పెళ్లి మాట ఇంకో నాలుగేళ్లు ఇంట్లో వినిపించకూడదు.

నేను వడ్రంగిని. మాటలు తక్కువ. మా ఆవిడ నా వాటా కూడా కలిపి మాట్లాడుతుంది కనుక ఇంటికి ఏ లోటూ లేదు.

అమ్మాయికి ఇరవై. బడిలో లెక్కలు చెబుతుంది. ఆమె చేసుకుంటానన్నవాడికి ఇరవై రెండు. గడియారాలు బాగుచేస్తాడు. మనిషి ఎంత సన్నమంటే, వాడికి సెకన్ల ముల్లు అని పేరు పెట్టాను. పక్కకు తిరిగితే ఉన్నాడో వెళ్లాడో తెలియదు.

"వయసు చాలదు," అన్నాను ముందురోజు.

"మనకెంత అప్పుడు?" అంది మా ఆవిడ.

"నాకు ఇరవై, నీకు పద్దెనిమిది."

"మరి?"

"అందుకే చెప్తున్నా."

ఆమె చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆ జవాబు ఇంకోలా చెప్పి ఉండాల్సిందని అది ఆగాకే తట్టింది.

నా భయం వేరు. మా పెళ్లయిన కొత్తలో, తోడుకి మనిషిని పెట్టుకునే స్తోమత లేక, రంపం రెండో పిడి ఆమె చేతికిచ్చాను. మూడు నెలలు ఆమె ఎడమచేత్తో అన్నం తింటుంటే, పుట్టుకతో వచ్చిన వాటం కాబోలు అనుకున్నాను. ఒకరోజు నీళ్ల గ్లాసు కుడిచేతిలోంచి జారిపడితే అప్పుడు చూశాను. అరచెయ్యంతా బొబ్బలు. ఇరవై ఏళ్లప్పుడు నాకు ఆమె కళ్లు కనిపించాయి, జడ కనిపించింది. చేతులు కనిపించలేదు. ఈ సెకన్ల ముల్లుకి మాత్రం కనిపిస్తాయని నమ్మకమేమిటి?

అందుకే పెరట్లో రెండు బల్లల మీద ఒక దుంగ ఎక్కించాను. ఎండి రాయైపోయిన దుంగ. నడిమధ్యలో పిడికిలంత ముడి. పక్కన రెండు పిడుల రంపం పెట్టాను, ఇటొకరూ అటొకరూ పట్టుకుని కోసేది. దానికి రెండు వారాలుగా ఆకురాయి తగలనివ్వలేదు. మా అమ్మాయి చేత ఆ రంపం నేనెప్పుడూ పట్టించలేదు. కొత్తవాళ్లిద్దరు దాన్ని పట్టుకుంటే పదో లాగుడికి జుట్లు పట్టుకుంటారు.

కుర్రాడు ఉతికిన చొక్కాతో వచ్చాడు. "నమస్కారం మామయ్యా."

"మేస్త్రీ గారూ అను."

"సరే మామయ్యా."

షరతు చెప్పాను. మా ఆవిడ దుంగ చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇంత పెరట్లో ముడి ఉన్నదే దొరికిందా నీకు?"

"చేతికి అందింది తెచ్చాను."

"షరతు ఇంకోసారి చెప్పు. గోడ పక్క దర్జీ అన్న కూడా వింటాడు."

దర్జీ అప్పటికే గోడ మీద గడ్డం ఆనించి ఉన్నాడు. వాడి కుట్టుమిషను తిరగకపోయినా చెవులు తిరుగుతూనే ఉంటాయి. గొంతు పెంచి చెప్పాను. "భోజనం వేళకి ఈ దుంగ రెండు ముక్కలైతే పెళ్లి. కాకపోతే నాలుగేళ్లదాకా ఆ మాట ఎత్తకూడదు."

"విన్నాను మేస్త్రీ," అన్నాడు దర్జీ.

మొదలుపెట్టారు. మూడో లాగుడికే రంపం పాములా మెలికలు తిరిగింది.

"నువ్వు తోస్తున్నావు!" అంది అమ్మాయి.

"నువ్వు లాగట్లేదు!"

"లాగితే నువ్వు వదలట్లేదు!"

"వదిలితే పడిపోతావని!"

ఎనిమిదో లాగుడికి దుంగ దొర్లి బట్టలారేసే కర్రను గుద్దింది. తీగ తెగింది. గోడవతల నుంచి దర్జీ దాని మీద ఆరేసుకున్న గిరాకీల ప్యాంట్లు ఆరూ బురదలో బోర్లా పడ్డాయి.

"మేస్త్రీ! పెళ్లి బట్టలు కుట్టించకముందే ఉన్నవి ముంచుతున్నావేంటి?"

అమ్మాయి పెరటికి ఆ మూల, కుర్రాడు ఈ మూల నిలబడ్డారు. పది అన్నానా, ఎనిమిదికే అయిపోయింది. లోపల ఎంత పొంగానో, పైకి అంత విచారంగా మొహం పెట్టాను.

అంతలో కుర్రాడు జేబులోంచి గడియారాలవాళ్ల భూతద్దం తీసి కంటికి బిగించాడు. రంపం పళ్లు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాడు.

"మేస్త్రీ గారూ, పళ్లన్నీ మొద్దుబారాయి. ఎవరో కావాలనే వదిలేసినట్టున్నారు."

ఈసారి మామయ్యా అనలేదు. మా ఆవిడ నావైపు చూసింది. నేను మబ్బులవైపు చూశాను.

ఆకురాయి తీసుకుని కూర్చున్నాడు. ఒక్కో పన్నుకీ ఒక గడియారం విప్పి బిగించేంత సేపు. అమ్మాయి వచ్చి రంపం రెండో కొస కదలకుండా పట్టుకుంది. పొద్దెక్కిపోతోంది. నాకు సంతోషంగానే ఉంది.

దుంగని మళ్లీ బల్లలెక్కించి కోశారు. ఈసారి సగందాకా దిగింది. అక్కడ ముడి తగిలింది. రంపం ఇరుక్కుంది. కుర్రాడు దాన్ని ఊడదీయాలని పిడి పట్టుకుని పక్కకు వంచాడు.

"వంచకురా! విరుగుతుంది!"

ఒక్క గెంతు గెంతాను. ఆ రంపం మా నాన్నది. కోతలో చెక్క ముక్క ఇరికించి పిడి అందుకున్నాను. తల ఎత్తేసరికి అవతలి పిడి దగ్గర కొంగు బిగించుకుని మా ఆవిడ.

"చూపించు పిల్లలకి," అంది.

చూపించాను. "లాగడమే మన పని. అవతలివాళ్లు లాగేటప్పుడు తోయకూడదు, పట్టూ వదలకూడదు. ఊరికే వెంట వెళ్లాలి."

రంపం పాట అందుకుంది. పొట్టు ఇద్దరి కాళ్ల మీదా సమానంగా రాలుతోంది. ఎన్నేళ్లయిందో మేమిద్దరం కలిసి కోసి.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?" అంది, ఊపు తప్పకుండా.

"ఆరేళ్లకి."

"పెళ్లయ్యాకేగా?"

"మరి పెళ్లి కాకుండా ఎవరితో కోస్తానే?"

"నేనూ అదే అంటున్నా."

నేను నోరు తెరిచాను. దుంగ కూడా తెరుచుకుంది. ధబ్బున రెండు ముక్కలై చెరో పక్కా పడింది.

మా ఆవిడ చెమట తుడుచుకుంది. "బాబూ, టైమెంత?"

"భోజనానికి ఇంకా పది నిమిషాలుంది అత్తయ్యా."

"ఇది చెల్లదు!" అన్నాను. "కోసింది నేను!"

"ఎవరు కొయ్యాలో చెప్పావా?"

గోడ వైపు తిరిగాను. దర్జీ బురద ప్యాంటు పిండుతున్నాడు. "చెప్పలేదు మేస్త్రీ. నేను రెండుసార్లు విన్నాను."

మా ఆవిడ నా దగ్గరగా వచ్చి, నాకు మాత్రమే వినపడేలా అంది. "ముడి దగ్గర రంపం వంచితే నువ్వు ఆగలేవని నాకు తెలుసులేవయ్యా."

కుర్రాడు కూడా అది తెలిసే వంచాడా అని నేనడగలేదు. కొన్ని అడక్కపోవడమే మర్యాద.

నలుగురం భోజనానికి కూర్చున్నాం. నా వాటా మాటలు కూడా మా ఆవిడ దగ్గర అయిపోయినట్టున్నాయి. కుర్రాడు కంచంలో చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుని, బొబ్బలెక్కిన అరచెయ్యి ఒళ్లో దాచుకున్నాడు. అమ్మాయి తన కంచంలోంచి తల ఎత్తలేదు. చెయ్యి చాచి, గూట్లోంచి చెంచా తీసి వాడి కంచం పక్కన పెట్టింది. వాడు లేచి ఇంకో చెంచా తెచ్చి ఆమె కంచం పక్కన పెట్టాడు.

మా ఆవిడ నావైపు చూడనేలేదు. ఆమె తన కుడిచేత్తో తింటూనే ఉంది. నేను తలొంచుకుని తిన్నాను.