కరిబండపల్లె ఆకాశానికి దక్కిన గౌరవం

గుమ్మఘట్ట మండలం కరిబండపల్లె ఆకాశం దేశంలోకెల్లా ఉత్తమమైన ఆకాశమని ప్రభుత్వం వారు తేల్చారు. ఊరి నేల గురించి మాత్రం ఏమీ అనలేదు. ఆకాశంలో ఏముందని ఇంత గౌరవమంటే, ఏమీ లేదు గనకనే. శ్రావణం సగమైనా ఒక్క మోడం, ఒక్క మబ్బు తునక ఆ దిక్కుకు రాలేదు.

పథకం ఇదీ. డ్రోన్లు పొలాలపై ఎగిరి, పంట పండిందో ఎండిందో ఫొటోలు తీస్తాయి. వాటిని రేడియో తరంగాలతో కాకుండా సన్నని వెలుతురు కిరణంతో నేల మీది పెట్టెకు పంపుతాయి. ఆ కిరణానికి మబ్బు అడ్డు రాకూడదు, దుమ్ము అడ్డు రాకూడదు. మబ్బుల సంగతి ఊరే చూసుకుంటుందని ప్రాజెక్టు డైరెక్టరు లక్ష్మీపతిగారికి గట్టి నమ్మకం. పెట్టెను గుట్ట నెత్తిన ఉన్న నల్లటి చదును బండ మీద బిగించారు.

గుట్టను ఆనుకునే మారెక్క చేను. బుడ్డల చెట్లు, అంటే వేరుశనగ, పూత పూసి ఊడలు దించే వేళ. నేల మెత్తగా ఉంటేనే ఊడ దిగుతుంది, ఊడ దిగితేనే కాయ. ఈ వారంలో ఒక్క పదును వాన పడకపోతే ఏడాది కష్టమంతా మేకల పాలు. అందుచేత ఆకాశం విషయంలో ఆమెకు ప్రభుత్వంతో అభిప్రాయభేదం ఉండేది.

వాన రాని ఏడు ఆ ఊళ్లో వరద పాయసం చేస్తారు. ఇంటింటా బియ్యం, బెల్లం ఎత్తి, పాయసం వండి, గుట్ట మీది ఆ బండపైనే పోసి, చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ల మీద వంగి నాలుకతో నాకుతారు. మనుషులు ఇంత దిగజారాక వాన దేవుడు చూస్తూ ఊరుకోడని పెద్దల లెక్క. పోయినేడు నాకారు, అంతకు ముందేడూ నాకారు. నాలుకలు గీసుకుపోవడం తప్ప ఏమీ జరగలేదు. మారెక్కకు నమ్మకం సడలింది. అయినా ఆశ చావక కుండ కడిగింది.

అంతలో చాటింపు పడింది: "వర్షమును ప్రేరేపించు ఎట్టి కార్యక్రమములూ ప్రారంభోత్సవము ముగియువరకు నిషిద్ధము." లక్ష్మీపతిగారు భౌతికశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న మనిషి. మూఢనమ్మకాలంటే మంట. డ్రోను ముందు గుమ్మడికాయ పగలగొట్టించి, రెక్కల కింద నిమ్మకాయలు పెట్టించి, ఆ మాటే ఊరివాళ్లకు విడమరిచి చెప్పారు.

"మీరు నాకితే వాన వస్తుందని నేను నమ్మను. కానీ ఇంత పెద్ద ప్రాజెక్టులో రిస్కు తీసుకోలేను."

మారెక్క పక్క చేని హనుమంతప్పతో అన్నది: "సర్కారే బయపడతాందంటే ఇందులో యేదో ఉండాదప్పా."

ఆమెకు పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చిన ఘనత ఆ విధంగా విజ్ఞానశాస్త్రానికి దక్కింది.

ఇక దుమ్ము. ఆ కాలంలో గుట్ట మీద గాలి రాళ్లను కూడా తోస్తుంది. కిరణం తెగిపోతోందని, ఊరికి తాగునీళ్లు తెచ్చే టాంకర్లను గుట్టకు మళ్లించారు. పొద్దునా సాయంత్రం పెట్టె చుట్టూ నీళ్లు కొట్టారు. బండకు దాహం వేయదు గనక ఆ నీళ్లు జారి మారెక్క చేలోకి దిగాయి. ఊడలు దిగాయి, చెట్లు నవనవలాడాయి. ఆమె రోజూ పోయి ఆకులు నిమిరి వచ్చేది. చుట్టూ చేలు మాడిపోయాయి.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చి, మబ్బుల్లేని ఆకాశాన్ని తమ ప్రభుత్వ విజయంగా వర్ణించారు. డ్రోను లేచింది. దానికి ఒకే చిన్న లోపం, పక్కకు జరిగితే కిరణం పెట్టెకు తగలదు. అందువల్ల అది గుట్ట నెత్తినే నిలబడి, కిందనున్న ఒక్క చేనునే ఫొటో తీసి పంపింది. పచ్చగా ఉంది. కరిబండపల్లెలో కరువు లేదని వేదిక మీదే ప్రకటించారు, చప్పట్లు మోగాయి. ఆదర్శ రైతుగా మారెక్కకు శాలువా కప్పారు.

"సామీ, అది మీ టాంకరు నీళ్లకు పచ్చగుండాది. ఆపక్క చేండ్లు సూడండి, మాడి మసైపోయినాయి" అన్నది మారెక్క.

"సమాచారం కాంతివేగంతో వెళ్లిపోయిందమ్మా. వెలుతురును వెనక్కి పిలవడం ప్రకృతి విరుద్ధం" అన్నారు లక్ష్మీపతిగారు. కిరణం పెట్టె దాకానే వస్తుంది. అక్కణ్నుంచి ఫొటోను పెన్‌డ్రైవులో వేసుకుని బైకు మీద బయలుదేరిన ఉద్యోగి, ఆ వేళకు రాయదుర్గం బస్టాండులో తీరిగ్గా టీ తాగుతున్నాడు.

ఊరు కరువు జాబితాలోంచి పోయింది. మంత్రిగారితో పాటు టాంకర్లూ పోయాయి. గాలి పడిపోయింది, దుమ్ము లేవడం మానేసింది. పాలుపట్టిన కాయలతో మారెక్క చెట్లు వాడు మొహం వేశాయి.

"నీ చేను పచ్చగుండి మా నోట్లో మన్ను కొట్టింది గదక్కా" అన్నాడు హనుమంతప్ప.

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. మర్నాడు చాట పట్టుకుని గుట్టెక్కింది. బుడ్డలు తూర్పారబట్టిన చెయ్యి. పెట్టె ముందు నిలబడి చాటెడు దుమ్ము ఎగరేసింది, మళ్లీ ఎగరేసింది. పైన అక్కడే నిలబడి ఉన్న డ్రోను కిరణం తెగింది. పెట్టె కుయ్యోమని అరిచింది. మధ్యాహ్నానికల్లా టాంకర్లు పరుగున వచ్చాయి.

ఆ మరుసటి రోజు హనుమంతప్ప చాటతో వచ్చాడు. తరువాత ఊరు ఊరంతా వచ్చింది. కొందరు దుమ్ము ఎగరేశారు, కొందరు ఎవరి చేలోకి వాళ్లు కాలువలు తీశారు. ఒక తరమంతా నీళ్లో రామచంద్రా అని మొత్తుకుంటే కదలని యంత్రాంగం, పెట్టె కంట్లో నలుసు పడిందనగానే కదిలింది. గుట్ట మీది అసాధారణ ధూళిని లక్ష్మీపతిగారు పైకి నివేదించి, టాంకర్లను శాశ్వతం చేయించి, పతకం పుచ్చుకున్నారు.

మారెక్క మళ్లీ కుండ కడిగింది.

"వాన కోసం కాదు కదా?" డైరెక్టరుగారు అనుమానంగా అడిగారు.

"కాదు సార్. పెట్టె సల్లగుండాలని."

ఆయన సంతోషంగా అనుమతించారు. పాయసం పెట్టె ముందు పోశారు. ఊరంతా చేతులు వెనక్కి కట్టుకుని వంగింది. పతకం మెడలో వేలాడుతుండగా డైరెక్టరుగారూ వంగారు. దేవుడు మారాడు. బండ అదే, నాకేది మనమే.