భయమెరుగని మెదళ్ళు

"మనిషికి భయం ఉందో లేదో ఇకమీదట మనిషిని అడగక్కర్లేదు! మెదడు ఫోటో తీస్తే చాలు!"

మా పరిశోధన సంస్థ ప్రారంభం రోజున డైరెక్టరుగారు ఇలా సెలవిచ్చారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన నోరు విప్పి ఏదన్నా తేల్చారంటే, చాలు అనేదాకా చప్పట్లు కొట్టడం మా సంస్థ ఆనవాయితీ. నేను ఆయన పర్సనల్ అసిస్టెంటుని కాబట్టి, చాలన్నాక కూడా మరో రెండు కొట్టాను.

ఘోరాలు చూసినవాళ్ళ మెదడులో భయం పుట్టే చోటు ఏళ్ళు గడిచినా చల్లారదట. ఫోటోలో ఎర్రగా కనిపిస్తుందట. ఎంత ఎరుపైతే జబ్బో తేల్చాలంటే, పోల్చుకోవడానికి ఆరోగ్యవంతుల మెదళ్ళు కావాలి కదా! బయట ఎక్కడని వెతుకుతాం? సిబ్బందినే ఒక్కొక్కరిగా మిషనులోకి తోశారు. పడుకుని కళ్ళు తెరిస్తే, పైనున్న అద్దంలో డైరెక్టరుగారి మొహం! "కదిలావో, ఉద్యోగం ఊడుతుంది!" అని మైకులో ఆయన గొంతు. భయమెరుగని మెదళ్ళను మేము ఇలా సేకరించాం.

మొదటి రోగి మా బావే. ఫైరింజను డ్రైవరు. ఓ గోదాము తగలబడ్డప్పుడు, రోజూ తన పక్కసీట్లో కూర్చునే మనిషి కళ్ళముందే కాలిపోయాడు. అప్పట్నుంచి సైరన్ మోగితే బావ చేతులు స్టీరింగు మీదే బిగుసుకుపోతాయి. పెద్ద చప్పుడైతే చాలు, ఏ మూల దొరికితే ఆ మూల దూరిపోతాడు. సైరన్ గొడవ లేని స్టోర్సు పనికి మార్చండి బాబోయ్ అని ఆఫీసులో మొత్తుకుంటే, "జబ్బుందని ఆ మెదడు ఫోటోల సంస్థ చేత రాయించుకురా" అన్నారు.

"ఇంకోసారి ఆ బండెక్కితే ఈయన నాకు దక్కరురా తమ్ముడూ! ఎలాగైనా నువ్వే చూడాలి," అని ఏడ్చింది అక్క.

"నేనుండగా నీకెందుకే దిగులు!" అన్నాను. డైరెక్టరుగారు లేనిచోట నా అంత ధైర్యవంతుడు లేడు.

స్కానింగ్ అయింది. ఫోటోలు పక్కపక్కన పెట్టారు. బావ మెదడులో ఆ చోటు ఎర్రగానే ఉంది పాపం. కానీ మా సిబ్బందివి భగభగ మండిపోతున్నాయి! నాదైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

"మనవాళ్ళకన్నా తక్కువే. మనిషి నిక్షేపంలా ఉన్నాడు. బండెక్కొచ్చు," అని తేల్చేశారు డైరెక్టరుగారు.

బావకి తోడొచ్చిన అక్క నన్ను మోచేత్తో పొడిచింది. నేను చేతులు కట్టుకుని ఒకడుగు ముందుకేశాను.

"సార్... మా ఫోటోలు తీసేటప్పుడు... తమరు ఎదురుగా ఉన్నారు కదా సార్... మేం కాస్త..."

"కాస్త? నేనంటే మీకు భయమా?" అని గర్జించి, సిబ్బందినందరినీ హాల్లోకి పిలిపించారు. "నేనంటే భయపడేవాళ్ళు చేతులెత్తండి!"

అందరూ కుక్కిన పేనుల్లా ఉండిపోయారు. నా చెయ్యి మాత్రం సగందాకా లేచింది. ఆయన నావైపు చూశారు. నేను చెవి గోక్కున్నాను.

ఆఖరికి ఒక చెయ్యి లేచింది. అది మా వెనకే హాల్లోకొచ్చిన బావది.

"నాకు భయమేనండీ. మీరన్నా భయమే, సైరనన్నా భయమే. కళ్ళు మూసుకుంటే వాడే కనిపిస్తాడు, నిద్రన్నా భయమే. మీకు దణ్ణం పెడతాను, నన్ను ఆ బండి మాత్రం ఎక్కించకండి."

డైరెక్టరుగారు పరవశించిపోయారు.

"చూశారా! నేనంటే భయమని నా మొహమ్మీదే చెప్పిన మొట్టమొదటి మనిషి! ఇంతటి ధైర్యవంతుడికి జబ్బేమిటయ్యా? ఇవాళ్టినుంచి ఆరోగ్యానికి ఈయన మెదడే కొలబద్ద!" అంటూ 'ఫిట్' అని రాసి సంతకం గీకేశారు.

మేమంతా ఆనవాయితీ ప్రకారం చప్పట్లు కొట్టాం. హాలు దద్దరిల్లింది.

బావ బల్లకింద దూరిపోయాడు. అక్క కూడా కిందికి వంగి, ఆయన తలని ఒళ్ళోకి తీసుకుని, అక్కణ్ణుంచే నావైపు చూసింది.

"ఏమిటయ్యా, ఏదన్నా కింద పడిందా?" అన్నారు డైరెక్టరుగారు.

"పెన్నండీ," అన్నాను నేను, చప్పట్లు ఆపకుండా.