సగం వాగు లక్ష్యం

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే సొంతంగా ఒక క్రీడామండలి పెట్టుకునేంత పెద్ద అడవిలో, చెంగావి అనే జింక ఉండేది. గెంతడం దానికి ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు వాళ్లమ్మ వెనకాలే పడుతూ లేస్తూ గెంతింది. వచ్చేసింది.

ఆ ఏడు కార్చిచ్చు రేగి గడ్డి అంతా కాలిపోయింది. వాగు అవతల, పొరుగు అడవివాళ్ల ఇప్పతోపు మాత్రం పూలు రాలుస్తూ ఘుమఘుమలాడుతోంది. ఆ అడవికి పెద్ద అయిన కొంగ తాత కబురు పెట్టాడు.

"మీలో ఒక్కరు ఈ వాగును ఒక్క గెంతులో దాటండి చాలు. పూలు రాలినన్నాళ్లూ మీ అడవంతా పై రేవు గుండా నడిచొచ్చి తినిపోవచ్చు. అవకాశాలు మాత్రం రెండే."

చెంగావి మంద అప్పటికి మూడు రోజులుగా ఎండుటాకులు నములుతోంది. "నేను దూకుతా," అంది చెంగావి.

"ఆగమ్మా, ఆగు! మండలి ఉండగా ఊరికే దూకేస్తావా?" అన్నాడు అధ్యక్షుడు ఎలుగుబంటి. ఇప్పపూలంటే ఆయనకు ప్రాణం. సమావేశాలంటే ప్రాణం కంటే ఎక్కువ.

గంటలో సమావేశం, రెండు గంటల్లో తీర్మానం. గెంతుడు విభాగానికి ముఖ్య శిక్షకుడిగా నత్త మాస్టారిని నియమించారు.

"మాస్టారు ఎప్పుడైనా దూకారా అండీ?" అని కొమ్మ మీంచి కోతి అడిగింది.

మాస్టారు నొచ్చుకున్నాడు. "దూకేవాళ్లకి గెంతు గురించి ఆలోచించే తీరికెక్కడిది? నేను పుట్టినప్పటి నుంచీ అదే పని మీద ఉన్నాను."

నవ్వకండి. మన మైదానాల్లో ఈల ఎవరి మెడలో ఉంటుందో, దెబ్బలు ఎవరి మోకాళ్లకు ఉంటాయో ఒకసారి చూసిరండి.

మర్నాడే శిక్షణ మొదలైంది.

"దూకేటప్పుడు ముందు ఏ కాలు లేస్తుంది?"

"తెలీదు మాస్టారూ. ఎప్పుడూ కిందికి చూసుకోలేదు."

"అదే నీ లోపం! ఇకనుంచి ప్రతి మెట్టూ పైకి చెప్పి మరీ చెయ్యాలి."

పాపం, చెప్పింది. "గట్టు చూశాను. దూరం గ్రహించాను. నిర్ణయం తీసుకున్నాను. వెనక కాళ్ల మీద బరువు వేశాను. దూకుతున్నాను." ఆ చివరి మాటకొచ్చేసరికి కాళ్లు నేలకి అతుక్కుపోయేవి. నాలుగో రోజుకి, దారిలో పడున్న పుల్లను దాటడానిక్కూడా చెంగావి నిలబడి లెక్కలు వేసుకుంటోంది.

"చూశారా, ఆలోచించడం మొదలెట్టింది!" అని మాస్టారు మురిసిపోయాడు.

ఆ తర్వాత లక్ష్యపత్రం. "నా లక్ష్యం: అవతలి గట్టు" అని రాసిచ్చింది చెంగావి. ఎలుగుబంటి చదివి తల అడ్డంగా ఊపాడు.

"మరీ అంత పెద్దదా? లక్ష్యమంటే అందేట్టు ఉండాలమ్మా. అందకపోతే చెడ్డపేరు మండలికి కదా. మొదటిసారికి సగం వాగు పెట్టు."

"సగం వాగంటే... నీళ్లు కదండీ?"

"సగం వాగంటే యాభై శాతం," అంటూ ముద్ర గుద్దేశాడు అధ్యక్షుడు.

పందెం రోజు వచ్చింది. చెంగావి గట్టు మీద నిలబడి అయిదు మెట్లూ తప్పు లేకుండా చదివి, దూకి, సరిగ్గా వాగు నడిమధ్యన ధబేలున పడింది. నీళ్లు మింగుతూ, ఈదుతూ ఇవతలి గట్టుకే తిరిగొచ్చింది.

మండలి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "నూటికి నూరు శాతం లక్ష్యసాధన!"

"ఇంకో అవకాశం ఉందండీ," అంది చెంగావి వణుకుతూ. "మా మంద ఆకలితో..."

"ముందు సన్మానం," అన్నాడు ఎలుగుబంటి. గట్టు మీదే అడవిమల్లె దండ వేసి ఉపన్యాసం అందుకున్నాడు. శాలువా కప్పాల్సిన మాస్టారు పొద్దున్న బయల్దేరి, అప్పటికింకా వేదిక వైపు వస్తూనే ఉన్నాడు.

ఉపన్యాసం ఎంత సేపు సాగిందంటే, వాగు అడుగున నిద్రపోతున్న మొసలికి మెలకువొచ్చింది.

"మొసలే! వెనకాలే!" అని కోతి కేక పెట్టింది.

చెంగావి గట్టు చూడలేదు, దూరం గ్రహించలేదు, నిర్ణయం తీసుకోలేదు. మొసలి నోరు మూసేసరికి చెంగావి అవతలి గట్టు మీద, మెడలో దండతో సహా, నిలబడి ఉంది.

జింకల మంద గంతులేసింది. మండలి మాత్రం చల్లబడింది.

"చెల్లదు! ఒక్క మెట్టూ పైకి చెప్పలేదు!" అని మాస్టారు చిప్పలోంచి అరిచాడు.

మొసలి భయానికి చెట్టెక్కిన ఎలుగుబంటి అక్కణ్నుంచే తీర్పు చెప్పాడు. "పైగా ఆమోదించిన లక్ష్యానికి రెట్టింపు దూకింది. అనుమతి లేదు. ఈ గెంతును మండలి గుర్తించదు!"

కొంగ తాత కాలు మార్చుకుని నిలబడ్డాడు. "మంచిది. గుర్తించినవాళ్లు వచ్చి పూలు తినండి. గుర్తించనివాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉండండి."

అడవంతా పై రేవు దారి పట్టింది. అందరికంటే ముందు కోతి.

సాయంత్రానికి ఇప్పపూల వాసన వాగు దాటొచ్చింది. ఎలుగుబంటి గుటకలు మింగాడు.

"మాస్టారూ, మన తీర్మానం వెనక్కి తీసుకోవాలంటే?"

"సర్వసభ్య సమావేశం పెట్టాలండీ. సభ్యులంతా రావాలి."

"ఎక్కడున్నారు వాళ్లంతా?"

"ఇప్పతోపులో."

ఈ కథలోంచి ఏరుకోదగ్గది ఒక్కటే: అవతలి గట్టు చేరాలంటే దూకితే చాలు, సన్మానం కావాలంటే మాత్రం సగంలో పడాలి.