ఏమీ జరగని ప్రయోగం

ఆ రోజు చిన్న నిప్పురవ్వ కూడా లేకుండా పాఠం ముగించాలని రసాయన శాస్త్రం మాస్టారు పళ్ళు తోముకుంటూనే నిశ్చయించుకున్నారు. పిల్లలు ఆయన్ని పొటాషియం మాస్టారంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆవర్తన పట్టిక మొదటి నిలువు వరసలో కిందికి దిగేకొద్దీ లోహాలకు దూకుడెక్కువని చూపిస్తూ, పోయినేడు ఆయన సోడియంతో ఆగకుండా పొటాషియం దాకా వెళ్ళారు. నీళ్ళలో వేసిన ముక్క మండుతూ ఎగిరి ప్రిన్సిపల్ మేడమ్ వేయించిన కొత్త కర్టెన్ మీద వాలింది. "ఇంకొక్కసారి బుస్సుమందంటే ల్యాబు తాళంచెవి నాకిచ్చేయండి" అన్నారావిడ. మాస్టారికి ఆ తాళంచెవి పోవడమంటే సగం ప్రాణం పోవడమే.

పైగా ఇవాళ తనిఖీ అధికారి వస్తున్నారు. అందుకే మాస్టారు పట్టికలో బుద్ధిమంతుల్ని ఏరుకున్నారు. రాగి, వెండి, బంగారం. సజల ఆమ్లంలో వేసినా ఇవి ఉలకవు, పలకవు. రాగి తీగ, వెండి చెంచా దొరికాయి. బంగారం కోసం వంటింట్లోకి వెళ్ళారు.

"నీ ఉంగరం ఓ పూట ఇస్తావా? ఆసిడ్లో వేసి తీసేస్తాను. బంగారానికి ఏమీ కాదు."

భార్య మారుమాట లేకుండా ఉంగరం తీసిచ్చి మళ్ళీ కూర తరుగుతూ కూర్చుంది. చెంచా అడిగితే పది ప్రశ్నలు వేసిన మనిషి. మాస్టారు అక్కడే అనుమానించాల్సింది.

క్లాసులో రాగి కదల్లేదు. వెండి మెదల్లేదు. తనిఖీ అధికారికి ఆవలింత వచ్చింది. ఆయన పక్కన కూర్చున్న మేడమ్ ముఖం మొదటిసారి ప్రశాంతంగా కనిపించింది. "ఇది అన్నిటికన్నా నెమ్మదస్తురాలు" అంటూ మాస్టారు ఉంగరాన్ని బీకరులో వదిలారు.

ఉంగరం మీది బంగారు పూత అరిగినచోట నుంచి ఒక బుడగ లేచింది. దాని వెనక పది. ఆ తర్వాత బుసబుసా పొంగాయి.

"సార్, నిన్న జింకు వేసినప్పుడు ఇలాగే వచ్చాయి కదా" అంది ముందు బెంచీ అమ్మాయి.

మేడమ్ చెయ్యి చాచారు. "తాళంచెవి."

మాస్టారు జేబు తడుముకున్నారు. ఇంతలో తనిఖీ అధికారికి నిద్రమత్తు వదిలింది. "ఆగండి మేడమ్. అంటే నకిలీ సరుకుని ఇలా పట్టేయచ్చన్నమాట. అసలుది ఎలా ఉంటుందో పిల్లలకి నేను చూపిస్తా. ఇది మా మామగారు పెట్టింది" అంటూ తన ఉంగరం తీసి రెండో బీకరులో వేశారు. అది మొదటిదానికన్నా ఉత్సాహంగా పొంగింది.

నలుగురిలో ఒంటరిగా నవ్వులపాలవడం ఎవరికి ఇష్టం? అధికారి చూపు నెమ్మదిగా మేడమ్ చాచిన చేతి మీదికి, దానికున్న నాలుగు గాజుల మీదికి పాకింది.

"మేడమ్, పనిలో పనిగా..."

మేడమ్ చెయ్యి చటుక్కున వెనక్కి వెళ్ళింది. "తాళంచెవి మీ దగ్గరే ఉండనివ్వండి మాస్టారూ. క్లాసు అయిపోయింది" అన్నారు. గంట కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

తాళంచెవి దక్కినా ఇంటికెళ్ళడానికి మాస్టారికి కాళ్ళు రాలేదు. "నీ ఉంగరం... జింకు" అన్నారు గుమ్మంలోనే.

"తెలుసు. మీరెప్పుడో ఆసిడ్ కోసం అడుగుతారని పెళ్ళైన నెలకే చేయించా. అసలుది బీరువాలో ఉంది. తాళంచెవి నా దగ్గరుంది."

అడగ్గానే ఏ చర్యా జరగలేదంటే అది బంగారమని అనుకోకూడదని ఇరవై ఏళ్ళ పాఠాల తర్వాత మాస్టారు నేర్చుకున్నారు.