దూదినోరు పాట మీద పందెం

పళ్ళ డాక్టరుకు కోపం నషాళానికి అంటింది. కూతురి గదిలోంచి వస్తున్న పాట అలాంటిది మరి.

"ఇదీ హిప్‌హాపేనా? నోట్లో దూది కుక్కుకుని గొణుగుతున్నాడు వీడు! మా రోజుల్లో ర్యాప్ అంటే ఒక్కో మాటా చెంప ఛెళ్ళుమన్నట్టుండేది. అన్యాయాన్ని నిలదీసేవాళ్ళు. ఈ దూదినోరుగాడికి నోరు తెరవడానికే బద్ధకం!" అని హాల్లో నిలబడి కేకలేశాడు.

"నోరు తెరవనివాళ్ళంటే మీకెలాగూ గిట్టదులెండి," అంది భార్య, పెట్టెలో బట్టలు సర్దుతూ. మర్నాడు ముగ్గురూ కార్లో ఆవిడ అన్నగారింటికి వెళ్ళాలి. పొద్దున్నే బయల్దేరినా సాయంత్రానికి గాని చేరరు.

డాక్టరు ఆశంతా ఆ ప్రయాణం మీదే ఉంది. కాలేజీ రోజుల్లో ఆయన వదులు ప్యాంటు వేసుకుని, టోపీ తిరగేసి పెట్టుకుని ఊరంతా తిరిగిన మనిషి. కూతురు చిన్నప్పుడు క్లినిక్‌లో రోగుల కుర్చీ ఎక్కి కూర్చుని, ఆయనతోపాటు ఆ పాటలకు తలాడించేది. ఇప్పుడు పదహారేళ్ళొచ్చాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తండ్రి వైపు చూడడమే మానేసింది. తన పాటలు పిల్లకు మళ్ళీ ఒక్కసారి వినిపించాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. కార్లో అయితే పిల్ల పారిపోవడానికి దారుండదు.

అందుకే రాత్రి భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"పందెం! ఆ దూదినోరుగాడి పాట ఒక్క ముక్క అర్థమైనా రేపు దారంతా పిల్ల పాటలే. కాకపోతే నావి. ఎవరూ కిక్కురుమనకూడదు."

"ఎవరికి అర్థం కావాలి?" అని అడిగింది భార్య, గిన్నె మీద మూత పెడుతూ.

"ఈ ఇంట్లో ఎవరికైనా సరే! పాడినవాడికే అర్థం కాని పాట, మనకేం అవుతుంది?"

"మాట మీద నిలబడతారా?"

"నేను పన్ను పీకితే పీకినట్టే, మాటంటే అన్నట్టే!"

కూతురు ఫోన్ బల్ల మీద పెట్టి పాట మొదలెట్టింది. "మ్మ్మ్... ఊఁహూఁ... న్నాను..." అంటూ సాగిందది.

"చెప్పు తల్లీ, ఏమన్నాడు?" డాక్టరు లేని మీసం మెలేశాడు.

"అదీ... కొత్త కారు కొన్నాను, అందరూ కుళ్ళుకుంటున్నారు అని... అనుకుంటా," అని నసిగింది పిల్ల.

"కారేంటే కారు!" డాక్టరు కుర్చీలోంచి లేచిపోయాడు. "అవి చెవులా, చిల్లులా? 'అమ్మ ఫోన్ చేస్తే పనుందన్నాను, ఏం పనో నాకే తెలీదు' అంటున్నాడు! పాపం, గొంతు పూడుకుపోతోంది వాడికి! కారూ లేదు, గీరూ లేదు!"

"తరవాతేమన్నాడు?" అంది భార్య అమాయకంగా.

ఆయన అదీ చెప్పేశాడు. ఆ తరవాతదీ చెప్పాడు. ఏళ్ళ తరబడి రోగులు నోరు బార్లా తెరిచి, దూది కరిచిపెట్టుకుని చెప్పుకున్న కష్టసుఖాలన్నీ విన్న చెవులవి. వాటికి అంతుపట్టని గొణుగుడు లోకంలోనే లేదు.

"ఈ ఇంట్లో ఎవరికైనా సరే అన్నారు," అంది భార్య. "మీరుండేది ఈ ఇంట్లోనేగా?"

"ఇది తొండి! పందెం వేసినవాడు లెక్కలోకి రాడు!"

"పీకిన పన్ను మళ్ళీ పెడతారేంటండీ?" అని ఆవిడ కంచాలు తీసేసింది.

మర్నాడు కారెక్కింది మొదలు దూదినోరుగాడి పాటలే. డాక్టరు మొహం మాడ్చుకుని కారు నడిపాడు. అయితే పిల్ల మాత్రం ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే పడేసి, ముందు సీట్లోకొచ్చి కూర్చుంది. "నాన్నా, ఇక్కడేమన్నాడు?" అని అడిగినప్పుడల్లా ఆయన విసుక్కుంటూనే చెప్పాడు. మధ్యాహ్నం దాటేసరికి అడగకపోయినా చెబుతున్నాడు.

పిల్లకు జాలేసింది. "ఇంతసేపు చెప్పావుగా, నీదొకటి పెట్టు నాన్నా."

స్టీరింగ్ అడ్డమొచ్చింది గాని, లేకపోతే డాక్టరు ఎగిరి గంతేసేవాడే. కాలేజీలో బల్లలెక్కి పాడిన పాటే పెట్టించాడు. డ్రమ్ములు దడదడలాడాయి. అరడజను గొంతులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. పిల్ల ఒళ్ళంతా ఊగిపోయింది.

"అదిరింది నాన్నా! ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?" అంటూ సౌండ్ పెంచింది.

న్యాయంగా ఆ మాటకు ఆయన కళ్ళు చెమర్చాలి. కానీ ముందు కణతలు అదిరాయి. ఆ తరవాత తల దిమ్మెక్కింది. ఇక చెయ్యి దానంతటదే వెళ్ళి సౌండ్ తగ్గించేసింది.

"అయ్యో, ఎందుకు తగ్గించావ్?"

"ఏం లేదే... వీళ్ళెందుకే ఇలా గొంతులు చించుకుంటారు? మెల్లగా చెబితే మనం వినమా?"

వెనక సీట్లో భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరుకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

"ఆ దూదినోరుగాణ్ణే పెట్టవే, తల్లీ," అన్నాడు నీళ్ళు నములుతూ.

"కుదరదు నాన్నా. దారంతా నా పాటలే అని పందెం. ఇవాళ్టి నుంచి ఇదే నా పాట!" అంటూ పిల్ల సౌండ్ మళ్ళీ పెంచింది.

బావగారి ఊరు ఇంకా చాలా దూరం ఉంది.