తినకూడదు, పారేయకూడదు

ఆ ఉదయం అబ్బాయిరాజు పెట్టుకున్న పని చాలా చిన్నది. వాడేసిన ఇన్సులిన్ సూదుల డబ్బాని భీమవరం ఆసుపత్రిలో ఇచ్చేసి టిఫిను వేళకి ఇంటికి రావాలి. మొన్నమొన్నటిదాకా ఆ సూదుల్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసేవాడు. చెత్త తీసుకెళ్ళే మనిషి పాపాయికి ఒకరోజు సూది గుచ్చుకుంది. అబ్బాయిరాజే ఆసుపత్రికి తీసుకెళ్ళి పరీక్షలు చేయించాడు. భయం లేదని తేలేదాకా అతనికి అన్నం సహించలేదు. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, టేపు చుట్టి తెస్తే తామే తీసుకుంటామని అక్కడి నర్సు వినీల అప్పుడే చెప్పింది.

డబ్బా మీద పేపరు చుట్టడం మాత్రం అతని సొంత తెలివి. కూతురు గీతిక పెళ్ళి మాటల్లో వియ్యంకుడు యుగంధర్ రాజు, "మా వంశంలో షుగరన్న మాటే లేదు బావగారూ. మరి మీకో?" అని అడిగాడు. "మా ఇంట్లో షుగరు కాఫీలోనే ఉంటుందండి" అన్నాడు అబ్బాయిరాజు. పెళ్ళి జరిగిపోయింది. అబద్ధం మాత్రం ఇన్సులిన్‌తో పాటు పూటపూటా సాగుతోంది.

అతను స్నానం చేసి వచ్చేసరికి బల్ల మీద పేపరు చుట్టిన డబ్బా ఒకటే ఉంది.

"యుగంధర్ అన్నయ్యగారు వచ్చి రొయ్యల పచ్చడి పట్టుకెళ్ళారండి. తొందర్లో ఉన్నారు, కూర్చోలేదు" అంది భార్య సూర్యావతి. నూనె కారకుండా తనూ ఆ డబ్బాకి టేపు వేసి పేపరు చుట్టానని చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఆమెకి తోచలేదు.

ఆసుపత్రిలో వినీల డబ్బా అందుకుని, బరువు చూసి, మూత దగ్గర ముక్కు పెట్టింది.

"రాజుగారూ, రొయ్యల పచ్చడి ఇస్తే సంతోషంగా తీసుకుంటామండి. సూదుల్లో మాత్రం వెయ్యలేం."

తన డబ్బా ఎవరి చేతికి వెళ్ళిందో అబ్బాయిరాజుకి అప్పుడర్థమైంది. వరండాలోకి వచ్చి వియ్యంకుడికి ఫోన్ చేశాడు.

"బావగారూ, ఆ డబ్బా తెరిచారా?"

"ఇంకా లేదండి. ఊపితే గలగలమంటోంది. చెల్లెమ్మ రొయ్యల్ని కరకరలాడేలా వేయించినట్టుంది."

"అది తినకండి. కాస్త తేడా చేసింది."

"అలాగా. అయితే కాలవలో పారేస్తాలెండి."

"పారేయకండి, పారేయకండి."

"తినకూడదు, పారేయకూడదు. మరేం చెయ్యమంటారండి?"

"పక్కన పెట్టండి చాలు, నేనే వస్తున్నాను. ఎక్కడున్నారు?"

"మన రమేష్ బాబు ఐసు ఫ్యాక్టరీలో. ఇంతకీ రొయ్యలు మీ చెరువువేనా?"

"ఆ, మావేనండి" అన్నాడు అబ్బాయిరాజు కంగారులో.

ఆ రమేష్ బాబే మర్నాడు అతని చెరువు పట్టించి రొయ్యలు కొనాల్సినవాడు. అబ్బాయిరాజు కారు ఆసుపత్రి గేటు దాటకముందే ఫోన్ చేశాడు.

"రేపటి పట్టుబడి ఆపుదామండి, రాజుగారూ. మీ రొయ్య తినకూడదట, పారేయకూడదట. అదేం తెగులో ఇక్కడ ఎవరికీ అంతు పట్టట్లేదు."

ఆ వెంటనే పక్కచెరువు సురేంద్ర. "మీ నీళ్ళు మా కాలవలోకి గానీ వదిలారాండి?"

ఫ్యాక్టరీలోకి వెళ్ళేసరికి డబ్బాని ఐసు ముక్కల మధ్య పడుకోబెట్టి ఉంచారు. చుట్టుపక్కల రైతులు ముక్కులకి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. సురేంద్ర అందరికంటే దూరంగా, తలుపు దగ్గరే ఉన్నాడు. రమేష్ బాబు చాకుతో టేపు కోసేశాడు.

"చెయ్యి పెట్టి ఒక్క రొయ్య తీస్తే ల్యాబుకి పంపొచ్చు" అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

అబ్బాయిరాజుకి పాపాయి వేలు కళ్ళముందు మెదిలింది. గబగబా వెళ్ళి డబ్బా లాక్కున్నాడు.

"చెయ్యి పెట్టకండి. ఇందులో రొయ్యల్లేవు. నా ఇన్సులిన్ సూదులున్నాయి."

అతను వియ్యంకుడి వైపు తలెత్తి చూడలేకపోయాడు.

"పెళ్ళి మాటలప్పుడు మీతో అబద్ధమాడాను బావగారూ. ఏమన్నా పడతాను."

యుగంధర్ రాజు దగ్గరికొచ్చి డబ్బాలోకి తొంగి చూశాడు.

"ఇంకా చోటుందాండి?"

"ఉంది. ఎందుకండి?"

ఆయన జవాబు చెప్పకుండా కారు దగ్గరికెళ్ళి, సీటు కింద నుంచి చిన్న అట్టపెట్టె తెచ్చాడు. దాన్నిండా మూతలు పెట్టిన సూదులు.

"ఇంట్లో పారేస్తే మీ అమ్మాయి చూస్తుందని కార్లోనే తిప్పుతున్నానండి" అన్నాడు గొంతు తగ్గించి.

రమేష్ బాబు చాకు కింద పెట్టి, తన బల్ల సొరుగు తాళం తీశాడు. ఇంటికెళ్ళి ఇప్పుడే వస్తానని సురేంద్ర బండి స్టార్టు చేశాడు.

చెరువు మర్నాడే పట్టారు. ఐసు ఫ్యాక్టరీలో ఒక మూల పెద్ద డబ్బా వెలిసింది. నిండగానే దాన్ని ఆసుపత్రిలో ఇచ్చే బాధ్యత అబ్బాయిరాజుది. అప్పట్నుంచి ఆ చుట్టుపక్కల పెద్దమనుషులందరూ రొయ్య రేటు కనుక్కుని వస్తామని ఇంట్లో చెప్పి ఫ్యాక్టరీకి వెళ్తున్నారు. తిరిగొచ్చాక రేటెంతని అడిగితే మాత్రం ఒక్కరికీ తెలియదు.