చిటికెన వేలి దీక్ష

ఆ శనివారం పొద్దున సోహైల్ ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. గిటారు మీద హార్మోనిక్ మైనర్ స్కేలు తప్పు లేకుండా నూరుసార్లు వాయించాలి. అంటే ఒక్కో స్వరాన్నీ మెట్లెక్కినట్టు ఎక్కి, దిగాలి. ఏడో మెట్టు కాస్త ఎత్తు. సోహైల్ చిటికెన వేలు సరిగ్గా అక్కడే జారుతోంది. సోమవారం పదింటికి కరీంనగర్‌లో అన్నిటికన్నా పై గ్రేడు పరీక్ష. పాసైతే జగిత్యాల బడిలో సంగీతం మాస్టారు కొలువు. తప్పితే కోరుట్లలో తండ్రి పక్కన కుట్టుమిషను.

పదోసారి ఎక్కి దిగేసరికి తండ్రి, దర్జీ ఫక్రుద్దీన్ కత్తెర కింద పెట్టాడు.

"పొద్దుగాల్నే గా ఏడుపేంది బేటా? పెండ్లి షేర్వానీ కుడుతున్న. యాడనన్న పోయి కొట్టుకో!"

బస్టాండు ముందు తెలంగాణ రిలే దీక్షల టెంటు ఉంది. ఆ రోజు కూర్చునేవాళ్లు దొరక్క, టెంటు చూసుకునే యాదగిరి తల పట్టుకుని ఉన్నాడు.

"గీడ కూసో తమ్మీ. అయిదు గొట్టేదాంక నిన్నెవ్వలు లేపరు. జర కడుపు మాడుతది, గంతే."

మెడలో దండ పడింది. సోహైల్‌కు తెలంగాణా కావాలి, చిటికెన వేలూ కావాలి. ఇంకేం, కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి జనం చేరారు. బీడీలు చేసే సాయమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకుంది.

"ఏం గోస కొడుకా! పానం తరుక్కపోతుంది. గని పాటెప్పుడు మొదలుపెడుతవ్?"

అయిదింటికి దీక్ష విరమణకు నిమ్మరసం వచ్చింది. సాయమ్మ గ్లాసు నోటికి అందించింది. సోహైల్ తొంభై ఏడోసారి ఎక్కుతున్నాడు. చేతులు ఖాళీ లేవు. పైగా నిమ్మరసం ఒలికితే తీగలు జిగటవుతాయి. తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ అందించింది. ఈసారి ఇంకా గట్టిగా ఊపాడు.

యాదగిరి మైకందుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా! మన సోహైల్ ఆమరణ దీక్షకు దిగిండు!"

తాను దిగిన సంగతి మైకులో విని తెలుసుకున్నాడు పాపం. "అన్నా, నాకు పరీక్షుంది!" అని మొత్తుకున్నాడు.

"ఇప్పుడు లేస్తె ఇజ్జత్ పోతది తమ్మీ! సిరిసిల్ల దాంక ఫోన్లు చేసిన!"

ఆదివారం సిరిసిల్ల నేత కార్మికులు వచ్చి మద్దతు ప్రకటించారు. 'గిటారు కళాకారుల జేఏసీ' అని బ్యానరు లేచింది. కన్వీనరూ సోహైలే, ఉన్న ఒక్క సభ్యుడూ సోహైలే. అంతలో సోమవారం బంద్ అని కబురొచ్చింది. బస్సులుండవు. పరీక్ష మాత్రం ఆగదు. సోహైల్ కండ్లలో నీళ్లు తిరిగాయి. విలేకరులకు ఆ ఫోటో బాగా నచ్చింది.

ఫక్రుద్దీన్ ఉరికొచ్చాడు. తిడతాడనుకుంటే పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వు తినకుంటె నాకెట్ల దిగుతది బేటా? మీ అమ్మీ పొయ్యే ముట్టియ్యలె." గొంతు తగ్గించాడు. "నెల సంది వింటున్న. ఒక్కతాన్నే తప్పుతున్నవ్. వేలు పండవెట్టకు. బట్టల సూది దించినట్టు నిలువుగ దించు."

సోహైల్ దించాడు. ఏడో మెట్టు ఖణీమని పలికింది. నెల రోజులుగా తిడుతూనే అంత శ్రద్ధగా విన్న తండ్రికి వినిపించేలా ఆ మెట్టే మళ్లీ పలికించాడు.

సోమవారం తెల్లారగానే పోలీసులొచ్చారు. ఆమరణ దీక్షలో ఉన్నవాణ్ణి కరీంనగర్ ఆసుపత్రికి ఎత్తుకుపోవడం వాళ్ల పద్ధతి. యాదగిరి జీపుకు అడ్డంగా పడుకున్నాడు. కరీంనగర్ పోయే బండి ఆ పూటకు అదొక్కటేనని సోహైల్‌కు అప్పుడు తట్టింది.

"అన్నా, నీ కాల్మొక్త, జర పక్కకు జరుగు! నన్ను పట్టుకపోనియ్యి!"

తానే ఎగిరి జీపెక్కాడు. వెనకాల గిటారు పట్టుకుని ఫక్రుద్దీన్ ఎక్కాడు.

ఆసుపత్రిలో డాక్టరు సెలైన్ సూదితో రాగానే తండ్రి కొడుకు చేతులు రెండూ కప్పేశాడు. "చేతులు ముట్టకుండ్రి సారూ! పదింటికి పరీక్షుంది!" సంగతి విని డాక్టరు నవ్వాడు. రోగానికి ఇడ్లీ చాలని రాసిచ్చాడు. వదిలిపెట్టకూడదు కనుక ఇద్దరు కానిస్టేబుళ్లు పరీక్ష గది దాకా వచ్చి, తలుపుకు చెరోపక్క నిలబడ్డారు. పరీక్షాధికారి వాళ్లను చూసి ఒకసారి గుటక మింగి, హార్మోనిక్ మైనర్ అడిగాడు. సోహైల్ వేలు ఎక్కడా జారలేదు.

పాసయ్యాడు. కొలువూ వచ్చింది. సెప్టెంబరులో తండ్రి కుట్టిన కొత్త చొక్కా తొడుక్కుని జగిత్యాల వెళ్లి, బడి రిజిస్టరులో సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నమే సకల జనుల సమ్మెలో బడికి తాళం పడింది.

ఒక్క పాఠమూ చెప్పకుండా సమ్మెకు దిగిన మాస్టారు ఆ బడిలో అతనొక్కడే.